నష్టానికి సంతకం ఎవరిది?

ఇళ్ల ధరలు కుప్పకూలిన వార్త నాలుగు రోజులు పతాక శీర్షికల్లో ఉంటుంది. ఆ ఇళ్లలో కాపురం ఉంటున్నవాళ్లకీ, ఇళ్లు అమ్మిపెట్టి బతికేవాళ్లకీ అసలు కష్టం ఆ తర్వాతే మొదలవుతుంది. 2006లో మొదలై ఆరేళ్లు సాగిన అమెరికా పతనంలో వాళ్లు పడ్డ పాట్ల మీద ఈ వారం ముఖచిత్ర కథనం.

2007 వేసవిలో కాలిఫోర్నియాలోని బేకర్స్‌ఫీల్డ్‌ను దోమలు మోసుకొచ్చే వెస్ట్ నైల్ జ్వరాలు పట్టుకున్నాయి. కేసులు ఏకంగా 276 శాతం పెరిగాయి. ఇన్ని దోమలు ఎక్కడినుంచి వచ్చాయని ఆరా తీసినవాళ్లకు గాల్లోంచి తీసిన ఫొటోలు జవాబు చెప్పాయి. ఇళ్ల వెనక నీలంగా మెరవాల్సిన ఈతకొలనులు పాచిపట్టి పచ్చగా కనిపించాయి. ఇంటి అప్పు వాయిదాలు తప్పారంటూ వచ్చే నోటీసులు ఆ ఊళ్లో 300 శాతం పెరిగిన కాలమది. ఇల్లు వదిలి వెళ్లిపోయాక కరెంటు పోతుంది, మోటారు తిరగదు, నీళ్లలో మందు కలిపే దిక్కుండదు. దోమలకు అంతకన్నా ఏం కావాలి?

ఆ కొలను ఎవరిది? కాగితం మీద యజమాని ఇంకా ఆ కుటుంబమే. వాళ్లు సామాను సర్దుకుని ఏ చుట్టాల ఇంటికో వెళ్లిపోయారు. అప్పిచ్చిన బ్యాంకు ఇంకా వేలం వేయలేదు కాబట్టి తనది కాదంటుంది. వేలం వేసేస్తే ఆస్తి పన్ను, గడ్డి కోత, మరమ్మతులు తన నెత్తిన పడతాయి, అందుకని తొందర పడదు. పక్కింటివాడికి దోమలు కుడుతున్నాయి గానీ కంచె దాటి వెళ్లే హక్కు లేదు. చివరికి దోమల నివారణ సిబ్బంది ఇలాంటి కొలనుల్లో దోమ లార్వాలను తినే చేపపిల్లల్ని వదిలారు. ఇల్లంటే జీవితంలో అతి పెద్ద ఆస్తి అనుకునే దేశంలో వేలాది ఇళ్లకు ఇలా ఫలానావాళ్లది అని చెప్పుకోలేని పరిస్థితి వచ్చింది.

ధరల పతనం గురించి మాట్లాడేటప్పుడు మనం శాతాల దగ్గర ఆగిపోతాం. శాతాలు చిన్నవేమీ కావు. 2006 నడుమ శిఖరానికి చేరిన అమెరికా ఇళ్ల ధరలు 2012 మొదటికి దేశం మొత్తం మీద పాతిక శాతం పైగా పడిపోయాయి. లాస్ వెగాస్‌లో అయితే 60 శాతం దాటింది. అంటే వంద రూపాయల వస్తువుకు నలభై కూడా రావు. 2009 చివరికి ఇంటి విలువ కన్నా అప్పే ఎక్కువున్న కుటుంబాలు కోటీ పది లక్షలు దాటాయి. నెవాడా రాష్ట్రంలో తాకట్టులో ఉన్న ప్రతి పది ఇళ్లలో దాదాపు ఏడింటిది ఇదే పరిస్థితి. అయితే ఈ అంకెలు జరిగిన నష్టం ఎంతో చెబుతాయి గానీ, దాన్ని ఎవరు భరించాలో చెప్పవు. ఆ ఆరేళ్ల గొడవంతా ఈ రెండో ప్రశ్న చుట్టూనే తిరిగింది. నష్టాన్ని ఒప్పుకుని సంతకం పెట్టే అధికారం ఎవరికుందో తెలియక ఇంటి యజమానులు, ఏజెంట్లు, ఊళ్లకు ఊళ్లు పడిగాపులు పడ్డాయి.

ఫోన్ ఎత్తేవాడికి అధికారం లేదు

మన దగ్గర ఇంటి అప్పు ఫలానా బ్రాంచిలో తీసుకుంటాం. అక్కడో మేనేజర్ ఉంటాడు. పని అవుతుందో లేదో గానీ, వెళ్లి కూర్చుని మొర పెట్టుకోవడానికి ఓ కుర్చీ అయినా ఉంటుంది. 2000 తర్వాత అమెరికాలో ఆ కుర్చీ మాయమైంది. అప్పు ఇచ్చిన సంస్థ కొద్ది వారాల్లోనే దాన్ని అమ్మేసేది. కొన్నవాళ్లు అలాంటివి వేల అప్పులు కలిపి, మూటగట్టి, ముక్కలు చేసి బాండ్లుగా ప్రపంచమంతా అమ్మేవారు. జర్మనీ బ్యాంకుల దాకా ఆ సరుకు మోజుగా కొన్నవాళ్లున్నారు. వాయిదాలు వసూలు చేయడానికి ‘సర్వీసర్’ అని మధ్యలో ఇంకో కంపెనీ. ఇంటాయన ఫోన్ చేస్తే ఎత్తేది ఈ సర్వీసర్ మనిషే. ఆయన చేతిలో వసూలు చేసే అధికారం ఉంది గానీ మాఫీ చేసే అధికారం లేదు. ఉన్నా వాడుకోవడంలో ఆయన కంపెనీకి లాభం లేదు. వాళ్ల ఆదాయం మిగిలి ఉన్న అప్పులో ఏటా కొద్ది వంతు, ఆపైన ఆలస్య రుసుములు. అసలు తగ్గిస్తే ఆదాయం తగ్గుతుంది. వేలం వేస్తే తాము పెట్టిన ఖర్చంతా ముందు తమకే తిరిగొస్తుంది. ఇలాంటి ఏర్పాటులో జాలి పుట్టాలంటే ఎక్కడినుంచి పుడుతుంది?

ఒక లెక్క వేసి చూద్దాం. లాస్ వెగాస్ శివార్లలో ఓ జంట 2006లో 3,40,000 డాలర్లకు ఇల్లు కొన్నారనుకోండి. చేతినుంచి పైసా పెట్టలేదు. ఆ రోజుల్లో అది మామూలే. 80 శాతం, అంటే 2,72,000 ఒక సంస్థ ఇచ్చింది. మిగిలిన 68,000 ఇంకో సంస్థ రెండో అప్పుగా ఇచ్చింది. 2011కల్లా ఇద్దరిలో ఒకరి ఉద్యోగం పోయింది, ఇంటి విలువ 1,35,000కు వచ్చింది. దాచుకున్న డబ్బు అయిపోయింది. అమ్ముకుని బయటపడదామంటే, అప్పు తీరితే తప్ప తాకట్టు విడిపించరు. అందుకని అప్పుకన్నా తక్కువకే అమ్ముకోనివ్వమని అడగాలి. దీన్నే షార్ట్ సేల్ అన్నారు.

కొనేవాడు 1,35,000 ఇస్తానన్నాడు. ఆరు శాతం కమీషన్ 8,100 పోతే 1,26,900 మిగులుతుంది. మొదటి అప్పువాళ్లు అదంతా తీసుకున్నా సగానికి పైగా నష్టం. రెండో అప్పువాళ్లకు న్యాయంగా చిల్లిగవ్వ రాదు. కానీ వాళ్లు విడుదల పత్రం ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ జరగదు. కాబట్టి 68,000 బాకీ ఉన్న ఆ సంస్థ అడ్డంగా కూర్చుని, “మాకేమిస్తారు?” అంటుంది. మొదటివాళ్లేమో వెయ్యికి మించి ఇవ్వబోమంటారు. వేలానికి వెళ్తే ఇద్దరికీ ఇంతకన్నా తక్కువే వస్తుందని ఇద్దరికీ తెలుసు. అయినా ముందు తగ్గినవాడిదే నష్టమన్న పట్టుదల. ఈ బేరం అయిదారు నెలలు నడిచేది, ఒక్కోసారి ఏడాది. ఈలోగా కొనేవాడు విసిగిపోయి పక్క వీధిలో బ్యాంకు స్వాధీనంలో ఉన్న ఇల్లు కొనుక్కుని వెళ్లిపోయేవాడు. మళ్లీ మొదటికి. ఫైలు పాతబడింది, జీతం కాగితాలు కొత్తవి పంపమంటూ మరో ఫ్యాక్స్.

2010 ఏప్రిల్‌లో ప్రభుత్వం ఈ పీటముడికి కొలతలు పెట్టింది. తన పథకం కింద జరిగే షార్ట్ సేల్‌లో ఖాళీ చేసే కుటుంబానికి దారి ఖర్చుకు 3,000 డాలర్లు ఇస్తామంది. రెండో అప్పువాళ్లకు ముట్టేదానికి 6,000 డాలర్ల పరిమితి పెట్టింది. ఏజెంట్లకు సంబంధించిన ఒక నిబంధన కూడా అందులో ఉంది. ఒప్పందంలో రాసుకున్న కమీషన్ ఆరు శాతం లోపు ఉంటే దాన్ని కొయ్యడానికి వీల్లేదు. ఇంత చిన్న సంగతిని ప్రత్యేకంగా రాయాల్సి వచ్చిందంటే అప్పటిదాకా ఎవరి జేబు కోసుకుంటూ వచ్చారో ఊహించవచ్చు.

వాయిదా తప్పితేనే వినిపిస్తుంది

అంతకు ఏడాది ముందు, 2009 ఫిబ్రవరి 18న, అరిజోనాలోని మెసా పట్టణంలో అధ్యక్షుడు ఒబామా పెద్ద పథకమే ప్రకటించారు. వాయిదాను కుటుంబ ఆదాయంలో 31 శాతానికి తగ్గిస్తారు. ముప్ఫయ్ నలభై లక్షల కుటుంబాలు ఇల్లు నిలబెట్టుకుంటాయన్నారు. మూడు నెలలు ప్రయోగాత్మకంగా కొత్త వాయిదా కట్టాలి, ఆ తర్వాత శాశ్వతం చేస్తారు. వినడానికి సబబుగానే ఉంది. నడిపించమని అప్పగించింది మాత్రం అదే సర్వీసర్లకు.

ఫలితం ఊహించిందే. కాగితాలు పోయేవి. ఒకసారి కాదు, అవే కాగితాలు మళ్లీ మళ్లీ. మూడు నెలల ప్రయోగం తొమ్మిది నెలలు సాగేది. చివర్లో “మీకు అర్హత లేదు” అని ఉత్తరం వచ్చేది. అన్నాళ్లూ తక్కువ కట్టిన తేడా, ఆలస్య రుసుములు కలిపి ఒక్కసారిగా కట్టమనేవారు. వాయిదా తప్పనిదే ఫైలు చూడబోమని సర్వీసర్ల సిబ్బంది చెప్పారంటూ ఎంతోమంది ఫిర్యాదు చేశారు. అన్నాళ్లూ క్రమం తప్పకుండా కట్టినవాళ్లు ఆ మాట విని ఆపేసి, ఆ కారణంగానే వేలం నోటీసు అందుకున్నారు. ఒక గదిలో వాయిదా తగ్గించే ఫైలు, పక్క గదిలో వేలం వేసే ఫైలు. రెండూ ఒకే ఇంటివి, ఒకదాని సంగతి ఇంకోదానికి తెలియదు. 2010 చివరికి ఈ పథకంలో శాశ్వతమైన సవరణల కన్నా మధ్యలో రద్దయినవే ఎక్కువ. 2016 చివర్లో పథకం ముగిసేసరికి శాశ్వత సవరణలు 16 లక్షలు దాటాయి. తక్కువేమీ కాదు, కానీ మెసాలో చెప్పిన అంకెలో దాదాపు సగమే.

ఇక్కడ నాకు కోపం తెప్పించే విషయం ఒకటుంది. మాఫీ కోసం సంతకం పెట్టే చెయ్యి దొరక్క లక్షల కుటుంబాలు అల్లాడుతున్న రోజుల్లోనే, జప్తు కోసం సంతకాలు పెట్టే చేతులు రాత్రింబవళ్లు పనిచేశాయి. 2010 శరదృతువులో ఆ గుట్టు బయటపడింది. ఈ అప్పు పత్రాలు నేను స్వయంగా పరిశీలించాను అని ప్రమాణం చేస్తూ, నెలకు పది వేల దాకా పత్రాల మీద చదవకుండానే సంతకాలు చేశానని ఒక పెద్ద సంస్థ ఉద్యోగి కోర్టు వాంగ్మూలంలో ఒప్పుకున్నాడు. మన తెలుగువాళ్లు బాగా ఎరిగిన అట్లాంటా శివారు ఆల్ఫరెటాలో డాక్‌ఎక్స్ అనే కంపెనీ ఉండేది. అక్కడ ఒకే మహిళ పేరుతో నలుగురైదుగురు తలో చేతిరాతతో సంతకాలు గిలికారు. ఆ కంపెనీ స్థాపకురాలు తర్వాత నేరం ఒప్పుకుని జైలుకు వెళ్లింది. 2012 ఫిబ్రవరిలో అయిదు పెద్ద బ్యాంకులు 49 రాష్ట్రాలతో 2,500 కోట్ల డాలర్ల రాజీ కుదుర్చుకున్నాయి. వినడానికి కొండంత మొత్తం. ఇల్లు పోగొట్టుకున్నవాళ్లలో దరఖాస్తు పెట్టుకున్న ఒక్కొక్కరి చేతికి నేరుగా వచ్చిన చెక్కు సుమారు 1,480 డాలర్లు. చాలా ఊళ్లలో అది రెండు నెలల అద్దె కూడా కాదు.

తాళం కవరులో పెట్టి పంపేస్తే?

కట్టగలిగి కూడా కట్టడం మానేసినవాళ్లూ ఉన్నారు. 1,35,000 విలువ చేసే ఇంటికి 3,40,000 ఎందుకు కట్టాలి? పక్కనే అలాంటి ఇల్లు సగం అద్దెకు దొరుకుతోంటే? ఇలా లెక్క వేసుకుని, తాళంచెవులు కవరులో పెట్టి బ్యాంకుకు పంపేసినవాళ్ల మీద టీవీల్లో నీతి పాఠాలు మొదలయ్యాయి. ఇచ్చిన మాట తప్పితే పిల్లలకు ఏం నేర్పుతారు అని గృహరుణ సంస్థల సంఘం అధ్యక్షుడు బహిరంగంగానే మందలించాడు. కొద్ది నెలలకే, 2010 ఫిబ్రవరిలో, అదే సంఘం వాషింగ్టన్‌లో 7.9 కోట్ల డాలర్లకు కొన్న తన ప్రధాన కార్యాలయ భవనాన్ని 4.13 కోట్లకు వదిలించుకుంది. దాని మీద అప్పు అంతకన్నా ఎక్కువే ఉంది. సంస్థ చేస్తే వ్యాపార నిర్ణయం, మనిషి చేస్తే నీతిమాలిన పని. అరిజోనా విశ్వవిద్యాలయ న్యాయశాస్త్ర ఆచార్యుడు బ్రెంట్ వైట్ 2009లోనే ఈ ద్వంద్వ నీతిని ఎత్తిచూపాడు. జనం కట్టడం మానేయకపోవడానికి లెక్క కారణం కాదు, సిగ్గూ భయమూ కారణమని రాశాడు. నా మట్టుకు ఆయన మాట నిజమనే తోస్తుంది. అప్పు ఎగ్గొట్టినవాడన్న పేరు పడుతుందని తిండి తగ్గించుకుని వాయిదా కట్టే మనుషులు మన చుట్టూనూ ఉన్నారు.

తాళం ఇచ్చేస్తే బాకీ తీరినట్టేనా అన్నది ఏ రాష్ట్రంలో ఉన్నారన్న దాని మీద ఆధారపడింది. కాలిఫోర్నియాలో సొంతంగా ఉండటానికి, కొనుగోలు కోసమే తీసుకున్న అప్పయితే బ్యాంకు ఇంటిని మించి వెంటాడలేదు. ఫ్లోరిడాలో వేలం తర్వాత మిగిలిన బాకీకి కోర్టు తీర్పు తెచ్చుకుని జీతం మీదికి రావచ్చు. వేలం వేయడానికి జార్జియాలో కోర్టుతో పనే లేదు. నెలనెలా మొదటి మంగళవారం కోర్టు మెట్ల మీద వేలంపాట. ఫ్లోరిడా, న్యూజెర్సీల్లో కోర్టు గుండానే వెళ్లాలి కాబట్టి ఏళ్లు పట్టేది. ఆ ఏళ్లలో వాయిదా కట్టకుండా ఇంట్లోనే ఉన్నవాళ్లను చూసి అదృష్టవంతులన్నారు పైవాళ్లు. ఏ ఉదయం తలుపు మీద కాగితం అంటిస్తారో తెలియకుండా పిల్లల్ని బడికి పంపడంలో అదృష్టమేముందో నాకైతే అర్థం కాలేదు.

మన కుటుంబాలకు ఇంకో చిక్కు ఉండేది. హెచ్1బీ వీసా మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం పోతే ఇప్పుడు అరవై రోజుల గడువుంది. అది 2017 జనవరిలో వచ్చిన వెసులుబాటు. 2008, 2009ల్లో అదీ లేదు. ఉద్యోగం పోయిన మర్నాటినుంచే అక్కడ ఉండే హక్కు ప్రశ్నార్థకం. ఇల్లు అమ్ముడుపోయేదాకా ఆగే వీలు లేదు. హైదరాబాదులో కూర్చుని, ఫీనిక్స్‌లో ఉన్న ఇంటికి అద్దెకుండేవాణ్ని వెతుక్కుంటూ, డాలర్ల వాయిదాకు రూపాయల జీతం సరిపెట్టుకోవాలి. డాలస్ చుట్టుపక్కల స్థిరపడినవాళ్లు మాత్రం చాలావరకు బయటపడ్డారు. టెక్సాస్ రాజ్యాంగం, ఇంటిని చూపించి నగదు అప్పు తీసుకునేటప్పుడు, పాత అప్పుతో కలిపి అది విలువలో 80 శాతం దాటనివ్వదు. పెరిగిన ధరను చూపించి మళ్లీ మళ్లీ అప్పు తోడుకునే అలవాటు అక్కడ అంతగా పాకలేదు, ధరలూ అంతగా పడలేదు.

పలకల మీద నవ్వే ముఖాలు

ఇక ఏజెంట్లు. వీళ్ల మీద ఎవరికీ పెద్దగా జాలి లేదు. ధరలు పెరిగినన్నాళ్లూ, ఇప్పుడు కొనకపోతే ఇంకెప్పుడూ కొనలేరని ఊదరగొట్టింది వీళ్లేనన్న కోపం. అది పూర్తిగా అన్యాయమేమీ కాదు. అమెరికా రియల్టర్ల జాతీయ సంఘం ముఖ్య ఆర్థికవేత్త డేవిడ్ లెరియా ఇళ్ల జోరు ఎందుకు తగ్గదో వివరిస్తూ రాసిన పుస్తకం సరిగ్గా 2006లో, శిఖరం మీదే, కొత్త అట్టతో మార్కెట్లోకి వచ్చింది. అదే సంఘం 2011 డిసెంబరులో తన లెక్కల్ని సరిదిద్దుకుంది. 2007 నుంచి 2010 దాకా అమ్మకాలను ఎక్కువ చేసి చూపామని ఒప్పుకుని, ఆ అంకెల్ని సుమారు 14 శాతం తగ్గించింది. పతనం ఎంత లోతో కొలిచే కర్రే పొట్టిదన్నమాట.

కానీ ఊళ్లల్లో ఇంటి ముందు పలకల మీద ఫొటో వేసుకుని తిరిగే మామూలు ఏజెంటు వేరు. అతనికి జీతం లేదు. కమీషన్‌లో సగం అవతలి ఏజెంటుకు, మిగిలినదాంట్లో వంతు తన ఆఫీసుకు. పెట్రోలు, ఫోను, ప్రకటనలు సొంత ఖర్చు. స్వతంత్ర వృత్తిదారు కింద లెక్క కాబట్టి పని లేకపోతే మామూలుగా వచ్చే నిరుద్యోగ భృతీ రాదు. 2005లో 70 లక్షల పాత ఇళ్లు చేతులు మారాయి. 2008లో 41 లక్షలు. అందులోనూ ప్రతి ఇంటి ధర తగ్గింది, అంటే కమీషన్ రెండు వైపులా కోసుకుపోయింది. 2006లో 13 లక్షలు దాటిన సంఘం సభ్యత్వం 2012కి పది లక్షల దగ్గరికి దిగింది. జోరు రోజుల్లో ఉద్యోగాలు మానేసి వచ్చినవాళ్లు, తాము అమ్మిన వీధిలోనే రెండో ఇల్లు, మూడో ఇల్లు పెట్టుబడికి కొన్నవాళ్లు వీళ్లలో చాలామంది. కొనుగోలుదారుకు చెప్పిన మాట వాళ్లు నమ్మి చెప్పినదే అనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

మిగిలినవాళ్ల పని తలకిందులైంది. అంతకుముందు వంటగది గ్రానైటు చూపించి, బడి ఎంత దగ్గరో చెప్పి అమ్మేవారు. ఇప్పుడు యజమాని జీతం కాగితాలు, బ్యాంకు ఖాతా వివరాలు, కష్టాలు వివరిస్తూ రాసిన ఉత్తరం జతచేసి ఫైలు కట్టాలి. సర్వీసర్ కాల్ సెంటర్‌లో గంటల తరబడి సంగీతం వినాలి. నెలకో కొత్త మనిషికి కథంతా మొదటినుంచి చెప్పాలి. ఆ ఇంటావిడ ఏడిస్తే ఓదార్చాలి. భార్యాభర్తల తగాదాల్లో దూరకుండా ఇద్దరి సంతకాలూ తేవాలి. అప్పటికి ఆరునెలలు పనిచేసి ఉంటారు. వేలం తేదీ ముందే పడితే ఒక్క డాలరు రాదు. ఈ విద్య నేర్పడానికి 2009లో జాతీయ సంఘం ప్రత్యేక ధ్రువపత్రమే పెట్టింది.

బ్యాంకులతో పరిచయం ఉన్న కొద్దిమందికి మాత్రం చేతినిండా పని. జప్తు చేసిన ఇళ్లను బ్యాంకులు ఒక్కో ఏజెంటుకు గుంపులుగా అప్పగించేవి. ముందు ఇంటి విలువ అంచనా వేసి పంపాలి. దానికి యాభై డాలర్ల చుట్టూ ముట్టేది. తర్వాత వెళ్లి తలుపు కొట్టి, లోపల ఉన్నవాళ్లకు “శుభ్రంగా ఊడ్చి తాళం ఇస్తే ఇంత డబ్బిస్తారు” అని చెప్పాలి. నాలుగేళ్ల కింద ఆ ఇల్లు అమ్మినప్పుడు పూలగుత్తి ఇచ్చిన మనిషే ఇప్పుడు ఈ కబురు మోసుకుని ఆ గుమ్మంలోకి వెళ్లిన సందర్భాలూ ఉంటాయి. తాళాలు మార్పించడం, చెత్త ఎత్తించడం, కరెంటు నీటి బిల్లులు, గడ్డి కోయించడం అన్నీ ముందు ఏజెంటు జేబులోంచే. బ్యాంకు తర్వాత ఇస్తుంది, రసీదు సరిగ్గా ఉంటే. ఒకేసారి ఇరవై ముప్ఫయ్ ఇళ్లు చేతిలో ఉంటే అది చిన్న పెట్టుబడేం కాదు. అప్పుల పాలైన దేశంలో ఏజెంట్లు పెద్ద బ్యాంకులకు వడ్డీ లేని అప్పు ఇచ్చారంటే అతిశయోక్తి కాదు.

కొనేవాళ్లను రప్పించడానికి వింత వింత తంటాలు పడ్డారు. కాలిఫోర్నియాలోని స్టాక్టన్‌లో 2008లో జప్తు ఇళ్ల బస్సు యాత్రలు నడిచాయి. ఫ్లోరిడాలోని కేప్ కోరల్‌లో కాలవల వెంట పడవల మీద తిప్పారు. ఎండిపోయిన గడ్డికి ఆకుపచ్చ రంగు పిచికారీ చేసే వ్యాపారం ఒకటి పుట్టుకొచ్చింది. ప్రభుత్వం మొదటి ఇల్లు కొనేవాళ్లకు 8,000 డాలర్ల పన్ను రాయితీ ఇచ్చింది. 2010 ఏప్రిల్ 30లోపు ఒప్పందం జరగాలన్నారు. జనం పరిగెత్తుకొచ్చారు. ఏజెంట్లు ఊపిరి పీల్చుకున్నారు. గడువు దాటింది, జులైలో అమ్మకాలు ఒక్క నెలలో 27 శాతం పడిపోయాయి. ఇంకో ఏడాది తర్వాత కొనేవాళ్లు కూడా ముందే వచ్చి కొనేశారు, అంతే.

ఒకవేళ కొనేవాడు దొరికి, బ్యాంకు ఒప్పుకున్నా, ధర నిర్ణయించే అంచనాదారు దగ్గర బండి ఆగేది. జోరు రోజుల్లో అప్పిచ్చేవాళ్లు అడిగిన ధరకల్లా అంచనాలు రాయించుకున్నారని 2009 మే నుంచి కొత్త నియమం తెచ్చారు. అప్పు తెచ్చిపెట్టేవాళ్లూ ఏజెంట్లూ అంచనాదారును ఎంచుకోకూడదు, మధ్యలో వేరే కంపెనీ పంపిస్తుంది. ఉద్దేశం మంచిదే. వచ్చే మనిషికి ఆ ఊరే కొత్త. పక్క వీధిలో కిటికీలు పగలగొట్టి, రాగి తీగలు పీక్కుపోయిన జప్తు ఇల్లు లక్షకు పోయిందని, ఈ చక్కటి ఇంటికీ లక్షా పదివేలే రాసేవాడు. బ్యాంకు అంతకు మించి అప్పివ్వదు. బేరం రద్దు. నిక్కచ్చిగా వాయిదాలు కట్టుకుంటూ ఎవరి జోలికీ పోని పక్కింటివాడి ఇంటి విలువ కూడా ఆ కాగితంతోనే పడిపోయేది. తక్కువ వడ్డీకి అప్పు మార్చుకుందామన్నా అతనికి ఇదే అంచనా అడ్డం. ఈ నిక్కచ్చి మనుషుల కోసం పెట్టిన పథకంలో విలువతో నిమిత్తం లేకుండా అప్పు మార్చుకోవచ్చన్న సడలింపు 2011 చివర్లో గానీ రాలేదు. అప్పటికి సగం మంది ఓపిక అయిపోయింది.

మన దగ్గర ధరలు పడవు, బేరాలు ఆగుతాయి

ఇదంతా చదువుతూ మనకు ఇలాంటిది రాదని అనుకునేవాళ్లుంటారు. మన ఇంటి అప్పు మనిషి మీదే ఉంటుంది. తాళం ఇచ్చేసినంత మాత్రాన తీరదు. వాయిదాలు ఆగితే 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద అరవై రోజుల నోటీసు, ఆ తర్వాత స్వాధీనం, పేపర్లో వేలం ప్రకటన. కోర్టు గడప ముందుగా ఎక్కాల్సిన పని బ్యాంకుకు లేదు. కాబట్టి నష్టం ఎవరిదన్న ప్రశ్నకు చట్టం ముందే జవాబు రాసి పెట్టింది: అప్పు తీసుకున్నవాడిది.

అప్పుతో కాకుండా చేతి డబ్బుతో కొన్న స్థలాల సంగతి వేరు. అమరావతినే తీసుకోండి. 29 గ్రామాల్లో 33 వేల ఎకరాలకు పైగా భూమి సమీకరణకు వచ్చింది. 2019 డిసెంబరు 17న అసెంబ్లీలో మూడు రాజధానుల మాట వినిపించాక ఆ చుట్టుపక్కల ప్లాట్ల బోర్డులు ఒక్కొక్కటే వెలిసిపోయాయి. రేటు పడిపోయిందని మాత్రం స్థలాలున్నవాళ్లు చాలామంది అనలేదు. “ఇప్పుడు బేరాల్లేవండీ” అన్నారు. కొన్నవాడు తగ్గించి అమ్మడు, అమ్మమని ఒత్తిడి చేసే బ్యాంకు లేదు, కాబట్టి నష్టం కాగితం మీదికి ఎక్కదు. దాదాపు అయిదేళ్లు అలా గడ్డకట్టుకుపోయి, 2024లో ప్రభుత్వం మారగానే మళ్లీ బోర్డులు లేచాయి. ఆ అయిదేళ్లలో ఆ ప్లాటు అమ్మితే పెళ్లి చేద్దామనుకున్నవాళ్లు, చదువుకు పంపుదామనుకున్నవాళ్లు ఏం చేశారన్న లెక్క ఏ సూచీలోనూ లేదు. మధ్యవర్తులు కొందరు హైదరాబాదు శివార్లకు మారారు, కొందరు వేరే వ్యాపారం చూసుకున్నారు. అమెరికా పద్ధతి క్రూరమే. కానీ నష్టం ఎంతో అక్కడ ఆరేళ్లకైనా తేలింది, మార్కెట్ కదిలింది.

కదిలించింది ఎవరన్నదే అక్కడ చేదు. 2012 నుంచి బ్లాక్‌స్టోన్ లాంటి పెట్టుబడి సంస్థలు ఫీనిక్స్‌తో మొదలుపెట్టి రొక్కం పట్టుకుని దిగాయి. కోర్టు మెట్ల మీద వేలంలో పదులకొద్దీ ఇళ్లు కొన్నాయి. అక్కడ ఏజెంటుకు పనీ లేదు, కమీషనూ లేదు. అప్పు మంజూరు కోసం ఎదురుచూసే కుటుంబం రొక్కంతో పోటీ పడలేదు. అలా కొన్న ఇళ్లకు రంగులేసి అద్దెకిచ్చారు. 2013 నవంబరులో బ్లాక్‌స్టోన్ అలాంటి మూడు వేల పైచిలుకు ఇళ్ల అద్దెల మీద 47.9 కోట్ల డాలర్ల బాండ్లు అమ్మింది. చాలామంది ఏజెంట్లు అమ్మకాలు పక్కనపెట్టి అద్దె ఇళ్ల నిర్వహణలోకి మళ్లారు.

ఇల్లు పోగొట్టుకున్నవాళ్ల రుణ చరిత్రలో ఆ మచ్చ ఏడేళ్లు ఉంటుంది. ఇంటి అప్పులు కొనే పెద్ద సంస్థ ఫ్యానీ మే నిబంధనల ప్రకారం జప్తు తర్వాత మళ్లీ ఇంటి అప్పుకు మామూలుగా ఏడేళ్లు ఆగాలి. 2010లో ఇల్లు వదిలిన కుటుంబానికి ఆ గడువు 2017లో తీరింది. దేశవ్యాప్త ధరల సూచీ 2006 నాటి శిఖరాన్ని అంతకు ముందు ఏడాదే దాటేసింది.